గవర్నరమ్మ కోసం ఖాళీ చేసిన మంచాలు

ఆ ఉదయం దీవిలోని గ్రాన్‌రివ్ ఊరి ఆసుపత్రి పెళ్లివారిల్లులా ఉంది. గోడలకు సున్నం, దారి పక్క రాళ్లకు సున్నం, చివరికి జాజికాయ చెట్ల మొదళ్లకు కూడా సున్నమే. ఆరు మంచాల మీదా పట్నం నుంచి తెప్పించిన కొత్త దుప్పట్లు. ఇంత చక్కని ఆసుపత్రిలో లేనిదల్లా రోగులే.

వాళ్లను ముందురోజే ఇళ్లకు పంపేశారు. పంపింది నర్సు వెర్లిన్, పంపమన్నది జిల్లా అధికారి గిటెన్స్. దీవిని ఏలడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన గవర్నర్లందరికీ ఇలాగే చూపించారు. వాళ్లూ చూసి, మెచ్చుకుని, వెళ్లిపోయారు. ఈసారి వస్తున్నది మాత్రం పక్క ఊరి బడిపంతులు కూతురు, దీవిలో మొట్టమొదటి లేడీ డాక్టరు, ఇప్పుడు మొట్టమొదటి మహిళా గవర్నరు ప్రుడోమ్. అయినా గిటెన్స్‌కు పాత అలవాటు పోలేదు.

వెర్లిన్ మనసు మనసులో లేదు. పంపేసినవాళ్లలో ఎనిమిదో నెల గర్భిణి అడైనా ఉంది. కాళ్లు వాచాయి, తలనొప్పి తగ్గడం లేదు. "ఒక్కరోజేగా, రేపు సాయంత్రం వచ్చెయ్" అని తానే నచ్చజెప్పింది. ఇప్పుడు ఆ పిల్ల అమ్మమ్మ క్లెమెన్స్ కొండ దిగి వచ్చి గేటు దగ్గర నిలదీస్తోంది.

"ఏమ్మా నర్సమ్మా, పిల్లకి ఎదుటి మనిషి ఇద్దరుగా కనబడుతున్నారంట. మీ గవర్నరమ్మ వెళ్లిందాకా ఆగమని కడుపులో బిడ్డకి నువ్వొచ్చి చెబుతావా?"

గిటెన్స్ ముసలామెను పక్కకు పంపించేశాడు. "నోరు మెదిపావో, నీ ఉద్యోగం ఊడుతుంది" అని వెర్లిన్‌ను హెచ్చరించాడు.

గవర్నరమ్మ వచ్చింది. తెల్లని చేతితొడుగులు, వెడల్పాటి టోపీ. మంచాల మధ్య నడుస్తూ ఒక దుప్పటిని చేత్తో తడిమింది.

"దీని మీద ఎవరూ పడుకోలేదే! రోగులేరి?"

"తమరి దయవల్ల అందరూ ఆరోగ్యంగా ఉన్నారండీ" అన్నాడు గిటెన్స్.

"నేనిక్కడే పుట్టాను నాయనా. వానాకాలంలో జ్వరం లేని ఊరుందని నాకే చెబుతున్నావా?"

వెర్లిన్ గిటెన్స్ వైపు చూసింది. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. ఊరుకుంటే అడైనా దక్కదు.

"రోగుల్ని నేనే ఇళ్లకు పంపేశానమ్మా! కొండ మీద ఒక పిల్ల ప్రాణం మీదికొచ్చింది" అంటూ భోరున ఏడ్చేసింది.

గవర్నరమ్మ చేతితొడుగులు విప్పి, టోపీతో సహా గిటెన్స్ చేతిలో పెట్టింది. రక్తపోటు చూసే పరికరం తీసుకుని, గేటు బయటే కాచుకున్న క్లెమెన్స్ వెనకే బురదలో కొండెక్కింది. అడైనాకు సూదిమందు వేసి, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగవాళ్లతో కిందికి మోయించింది. జెండా కట్టిన సర్కారు కారులోనే వెర్లిన్‌ను తోడిచ్చి పట్నం ఆసుపత్రికి పంపింది. కారు తిరిగొచ్చేదాకా, ఇళ్లకు పంపేసిన రోగులను మళ్లీ పిలిపించి, ఆ కొత్త దుప్పట్ల మీద పడుకోబెట్టి పరీక్షించింది.

సాయంత్రం వెర్లిన్ నవ్వుతూ కారు దిగింది. "ఆపరేషన్ చేశారు, ఆడపిల్ల పుట్టిందమ్మా! తల్లీబిడ్డా క్షేమం." మరుక్షణం తల దించుకుంది. "నన్ను పనిలోంచి తీసేస్తారా?"

"తప్పు చేశావు, కాదనను. కానీ నిజం చెప్పావు కాబట్టే రెండు ప్రాణాలు నిలిచాయి. నీలాంటి నర్సే ఇక్కడ కావాలి." ఆమె గిటెన్స్ వైపూ, గుమిగూడిన జనం వైపూ తిరిగింది. "ఇకమీదట ఏ అధికారి వచ్చినా రోగులనే ముందు చూపించండి. జబ్బును దాచుకున్న ఊరికి ఏ డాక్టరూ వైద్యం చెయ్యలేరు, ఏ గవర్నరూ మేలు చెయ్యలేరు."