తడి కుండ

"నీకు అర్థం కానక్కర్లేదు, చేతిరాత బాగుంటే చాలు," అంటూ మావారు కాగితాల కట్ట నా ముందు పడేశారు. ఆయన సైన్సు మేష్టారు. నిప్పు పుట్టించిన రోజుల నుంచి రాకెట్ల దాకా పిల్లల కోసం పుస్తకం రాస్తున్నారు. చిత్తుప్రతిని సాఫుగా తిరగరాసేది నేను. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఓ యుగం దాటేస్తాను. మానవుడు చక్రం చేశాడు, మానవుడు చుక్కల్ని కొలిచాడు. ఆ మానవుడికి వేళకి అన్నం ఎవరు పెట్టారో మాత్రం ఎక్కడా లేదు.

రెండో అధ్యాయంలో నా చెయ్యి ఆగింది. 'తడి మట్టితో కుండ చేసి వెంటనే నిప్పుల్లో కాల్చాడు' అని ఉంది. నేను కుండలు చేసే ఇంట్లో పుట్టినదాన్ని. తడి కుండని నిప్పుల్లో పెడితే ఠపీమని పగులుతుంది. 'వెంటనే' తీసేసి 'ముందు నీడలో ఆరబెట్టి' అని చేర్చేశాను. అడక్కుండా చేసినందుకు ఆ పూట దేవుణ్ణి క్షమించమని కూడా వేడుకున్నాను.

ఆదివారం ఆయన స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ వచ్చింది. "కూర్చోండి, మీ అభిప్రాయం కావాలి," అంటూ నేను రాసిన సాఫుప్రతి ఆవిడ చేతికిచ్చారాయన. పదహారేళ్ల కాపురంలో నాతో ఒక్కసారైనా అన్నారా ఆ మాట? కాఫీ ఇస్తూ ఆవిడ ఇస్త్రీ నలగని బట్టలు చూశాను, ఆయన ముందుకు వంగి వినడం చూశాను. ఒళ్లు భగ్గుమంది.

"నీడలో ఆరబెట్టడం! భలే పట్టారండీ," అందావిడ.

ఆయన కాగితం కేసి చూశారు. తను రాసింది కాదని ఆయనకి తెలిసిపోయింది. "మరి, పరిశోధన చెయ్యాలి కదండీ," అని నవ్వేశారు.

అంతే, నా కుళ్లంతా ఆవిణ్ణి వదిలి ఆయన మీదకి మళ్లింది. నాకు దక్కాల్సిన మెప్పు నా కళ్లముందే ఆయన తీసేసుకుంటే ఓర్చుకోలేకపోవడం పాపమా? దేవుణ్ణే అడిగాను. పాపమని తోచలేదు.

సాయంత్రం కృతజ్ఞతల పేజీ ఇచ్చారు. హెడ్మాస్టరు, టీచరమ్మ, అచ్చువేసే ఆయన.

"నేనేనండీ ఆ కుండ సంగతి రాసింది. నా పేరు లేదేం?"

"ఇంట్లోవాళ్లకి కృతజ్ఞతలేంటే, పిచ్చిమొహమా!"

"అయితే ఆ ముక్క కొట్టేస్తాను. ఇంట్లోది ఇంట్లోనే ఉండనీండి."

ఆయన ఉలిక్కిపడ్డారు. "కొట్టేస్తే ఎలా? కుండ పగిలిపోతుంది కదే!"

"ఆ సంగతి మీకెవరు చెప్పారో వాళ్ల పేరు రాయండి," అని కలం ఆయన చేతికిచ్చాను.