ఊనాకి లెక్కల టీచరు

"ఇంకా దొరకలేదా ఆ ట్యూటరు?" అన్నాడు డోనల్, తాగిన కప్పు తెచ్చి సింకు పక్కన పెడుతూ. సింకులో కాదు, పక్కన. నేను బంగాళదుంపలకు తొక్క తీస్తున్నాను. "చూస్తున్నాను" అన్నాను. "ఎవరో ఒకర్ని పెట్టెయ్యక, ఇందులో ఇంత చూసేదేముంది?" అనుకుంటూ టీవీ ముందుకు వెళ్ళిపోయాడు.

ఊనా మా ఒక్కగానొక్క కూతురు. వచ్చే జూన్‌లో స్కూలు చివరి పరీక్షలు. ఇంజనీరింగు చదవాలంటే పై స్థాయి లెక్కల్లో గట్టెక్కాలి. డోనల్ స్లైగో కౌంటీ రోడ్ల విభాగంలో ఇంజనీరు కాబట్టి మొదట తనే చెప్తానని కూర్చున్నాడు. కాసేపటికే పెన్ను బల్ల మీద విసిరేసి, "ఇంత చిన్న విషయం బుర్రకెక్కదేం నీకు? అచ్చం మీ అమ్మ పోలికే" అన్నాడు. ఊనా పుస్తకం మూసి మేడ మీదికి వెళ్ళిపోయింది. నేను అతని వంక చూస్తే, "నాకు ఓపిక ఉండదని తెలుసుగా డెర్వ్‌లా. ఆన్‌లైన్లో ఎవరినైనా చూడు" అన్నాడు.

ఓపిక లేదని చెప్పి లేచిపోవడం ఎంత హాయి! ఆ మాట నేనంటే ఈ ఇంట్లో సాయంత్రం భోజనం ఉండదు, ఉతికిన బట్టలుండవు, వాళ్ళమ్మకు ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు ఉండవు. నా ఓపిక కుళాయిలో నీళ్ళలా ఎప్పుడు తిప్పినా వస్తుందని అందరికీ నమ్మకం. "చూడు" అనడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది. చూడటానికి నాకు మాత్రం వారాలు పట్టాయి. నేను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ రిసెప్షన్లో ఫోనుకీ ఫోనుకీ మధ్య ట్యూటర్ల వివరాలు చదివాను. అందరూ నవ్వుతూనే ఉన్నారు, అందరూ తమ పిల్లలకు మంచి మార్కులొచ్చాయనే రాశారు. ఎవరు ఎలాంటివాళ్ళో ఎలా తెలుస్తుంది? పిల్లలతో పనిచేయడానికి పోలీసుల అనుమతి ఉందా, మన సిలబస్ తెలుసా, ఊనా కమోగీ ఆటకి వెళ్ళని రోజుల్లో ఖాళీగా ఉంటారా అని అందరికీ మెసేజీలు పెట్టాను. ఒకాయన జవాబివ్వడం మానేశాడు. ఇంకొకాయన, "పిల్ల తండ్రిగారితో మాట్లాడితే బాగుంటుందండీ" అన్నాడు. వెనకనుంచి డాక్టరు లాలీ నా తెర మీదికి తొంగి చూసి, "ట్యూటరు కోసమా? భలే. ఎలాగూ వెతుకుతున్నావుగా, మా అబ్బాయికీ ఒకర్ని చూసిపెట్టు" అన్నాడు. అడగడం కాదు, చెప్పడం.

ఆదివారం మా అత్తగారు పెగ్ ఫోన్లో, "నేను అయిదుగుర్ని పెంచానమ్మాయ్, ఒక్కడికీ ట్యూషనని లేదు. తల్లి ఇంటిపట్టున ఉంటే ఆ తేడానే వేరు" అంది. ఆమెను మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళడానికి సెలవు పెట్టుకున్నది నేనే. అయినా "అవునండీ" అన్నాను.

చివరికి ఇద్దరు మిగిలారు. ఇద్దరూ ఒక్కో నమూనా పాఠం చెప్తామన్నారు. కెమెరాలో పడకుండా మూలన ఇస్త్రీ చేస్తూ రెండూ విన్నాను. డబ్లిన్‌లో ఉండే ఫింటన్‌కి పెద్ద పేరుంది. గంటసేపు చకచకా లెక్కలు చేసి చూపించాడు. "అర్థమైందా?" అన్న ప్రతిసారీ ఊనా "ఆఁ" అంది. ఆ "ఆఁ" నాకు బాగా తెలుసు. డోనల్ రోడ్ల గురించి చెప్తుంటే నేననేది కూడా అదే.

రెండోది గాల్వేలో ఉండే గ్రాన్యా. ఊనా లెక్క తప్పు చేస్తే, "ఆగు, ఎలా ఆలోచించావో నాకు చెప్పు" అంది. ఊనా తడబడుతూ చెప్పింది. సగంలో గ్రాన్యా వెనక పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. "క్షమించు తల్లీ, మా ఆయన ఇంకా రాలేదు" అంటూ లేచి వెళ్ళింది. ఖాళీ కుర్చీ ముందు ఊనా కాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. తర్వాత రాసింది తనే కొట్టేసి, మళ్ళీ రాసింది. గ్రాన్యా బిడ్డను భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి, "ఆగండాగండి, తప్పెక్కడుందో నాకు తెలిసింది!" అని అరిచింది. పదో తరగతి తర్వాత లెక్కల దగ్గర నా కూతురి గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు.

సరిగ్గా ఆ ఏడుపప్పుడే డోనల్ కళ్ళజోడు కోసం గదిలోకి వచ్చాడు. పాఠం అయ్యాక, "పాఠం మధ్యలో లేచిపోయే టీచరు మనకెందుకు? ఆ డబ్లిన్ ఆయన్ని ఖాయం చెయ్యి" అన్నాడు.

"ఊనాని అడుగుదాం" అన్నాను.

ఊనా తండ్రి వంక చూసింది. "నాన్నకెవరు నచ్చితే వాళ్ళే."

నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. పదిహేడేళ్ళ పిల్ల నోట నా మాట. ఇల్లు కొనేటప్పుడు, సెలవులకు ఎక్కడికెళ్ళాలో అనుకునేటప్పుడు, నేను ఉద్యోగం సగం రోజుకి తగ్గించుకునేటప్పుడు నేనన్నది ఇదే. నేర్పించానని కూడా తెలియకుండా నేర్పించాను. తండ్రి బయటికెళ్ళాక నా దగ్గరికొచ్చి, "గ్రాన్యా దగ్గరైతే తప్పు చేస్తే భయమెయ్యలేదమ్మా" అంది మెల్లగా.

మర్నాడు క్లినిక్‌లో డాక్టరు లాలీ, "మావాడి సంగతేమైంది?" అన్నాడు. "నాకు కుదరదండీ, మీరే చూసుకోండి" అన్నాను. ఆయన నవ్వి, అది జోకు కాదని తెలిశాక నవ్వాపేశాడు. ఏమీ కూలిపోలేదు. ఆ మధ్యాహ్నమే గ్రాన్యాకి ఫోన్ చేశాను.

సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను. "గ్రాన్యాని ఖాయం చేశాను. మంగళవారం నుంచి."

ఊనా తల పైకెత్తింది. డోనల్ ఫోర్కు కింద పెట్టాడు. "నాతో ఒక్క మాట అనకుండానా?"

"ఇప్పుడంటున్నాగా."

"ఆ పసిపిల్లను పెట్టుకుని ఆవిడేం చెప్తుంది? రేపు ఇది ఫెయిలైతే?"

"అయితే తప్పు నాదే అంటావు. ఫింటన్ దగ్గర ఫెయిలైనా నాదే అంటావు, వెతికింది నేను కాబట్టి" అన్నాను. "తప్పు ఎలాగూ నాదే అయినప్పుడు, డోనల్, ఎంచుకునేదీ నేనే."