లస్మవ్వ ముడుపు, మాటల డబ్బా

కోరుట్లలో శ్వేత ఇంట్లో పన్నెండేళ్లుగా గిన్నెలు తోముతున్న బుచ్చవ్వకు ఆ సోమవారం తల కొట్టేసినట్టయింది. ముందురోజు దేవుడి గదిలో బీరువాలో పెట్టిన శ్వేత బంగారు గొలుసు తెల్లారి చూస్తే మాయమైంది. ఇంట్లోకొచ్చే బయటి మనిషి బుచ్చవ్వ ఒక్కతే. ఎవరూ దొంగ అనలేదు. అనకుండానే అందరి కళ్లూ ఆమె కొంగుముడి మీదికి పోయాయి. పన్నెండేళ్ల మంచిపేరు ఒక్క పూటలో పోయేలా ఉంది.

శ్వేత అత్త లస్మవ్వ మాత్రం "బుచ్చవ్వ తీయలే, నాకెర్క" అంటుంది. ఎట్ల ఎరుకని అడిగితే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చుంటుంది. ఆ సాక్ష్యం ఎందుకు పనికొస్తుంది?

ఫిర్యాదు అందుకుని జగిత్యాల నుంచి స్వప్న అనే పోలీసమ్మాయి లాప్‌టాప్‌తో వచ్చింది. దుబాయ్‌లో ఉన్న శ్వేత భర్త ఇంటినిండా తెలివిగల సామాన్లు బిగించాడు. ఎవరొచ్చారో రాసుకునే తాళం, చెబితే వెలిగే లైట్లు, మాట్లాడే డబ్బా. ఆ డబ్బాను చూస్తేనే బుచ్చవ్వకు భయం. ఇప్పుడు తన పరువు దాని నోట్లో ఉంది.

ఆ సామాన్లు దాచుకున్న వివరాల అసలును కదిలించకుండా, స్వప్న లాప్‌టాప్‌లోకి నకలు తీసుకుని చదివింది.

"బుచ్చవ్వా, ఎప్పుడచ్చినవ్?"

"ఏడు దాటినంక, బిడ్డా."

"తాళం గూడ గదే చెప్తంది, ఏడు పది. దేవునర్రల లైటు పొద్దుగాల అయిదింటికే ఎలిగింది. ఎవలో డబ్బాకు చెప్పి ఏపిచ్చిండ్రు. పిలిచినంక ఇన్న మాటలు అది దాసుకుంటది."

మీట నొక్కింది. డబ్బాలోంచి లస్మవ్వ గొంతు వచ్చింది.

"లైటెయ్యి బిడ్డా. గీ గొలుసు రాజన్న దేవునికి ముడుపు కడుతున్న. మా కోడలికి సర్కారు నౌకరి రావాలె. బియ్యం డబ్బాల పెడుత. ఎవ్వలకు చెప్పకు, మొక్కు చెడుతది."

శ్వేత బియ్యంలో చెయ్యి పెట్టింది. పసుపుగుడ్డ మూట దొరికింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు కదా! స్వప్న కూడా ఆపుకోలేక నవ్వింది. శ్వేత బుచ్చవ్వను గట్టిగా పట్టుకుంది. "తప్పయింది అవ్వా!"

బుచ్చవ్వకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఓ లస్మక్కా, నోరిప్పితే ఏం పోయింది?"

"మొక్కు పోతది! నేనెవ్వలకు చెప్పలే, చెప్పింది డబ్బా. రాజన్న మన్నిస్తడు."

బుచ్చవ్వ డబ్బా దగ్గరికి పోయింది. దాని మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"నీ కడుపు సల్లగుండ, బిడ్డా!"