రాట్నం తల్లి కళ్ళు

రాజనర్సు నా చెయ్యి పట్టుకుని మ్యూజియం మెట్లు ఎక్కిస్తున్నాడు. పట్టుకున్నాడనడం మర్యాదకే, నిజానికి ఈడుస్తున్నాడు. ముప్పైయొక్క ఏళ్ళ కింద పసిరికల జబ్బుతో, కామెర్లు ముదిరి పోయిన మనిషికి ఇంత బలం ఎక్కడిదని అడుగుదామంటే మెట్లు తరగడం లేదు, ఎక్కినకొద్దీ గుడ్డలా మెత్తబడుతూ పాదాల కింద చింతగింజల జిగురు వాసన వేస్తున్నాయి. వాడు నకాషి, పటాలు గీసేవాడు. నేను ఆ పటాన్ని సాలెవాడల్లో కట్టి, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ కథ చెప్పేవాణ్ణి. వీధిబడిలో ఒకే పంతులు బెత్తం పంచుకున్నవాళ్ళం కాబట్టి, నా నెత్తి మొత్తం నెరిసిందన్న గౌరవమైనా లేకుండా, తన మీసం మాత్రం మసిలా నల్లగా ఉంచుకుని, ఇప్పటికీ "సాంబిగా" అనే పిలుస్తున్నాడు.

లోపల హాలు నిండా మనుషులు. ముక్కులున్నాయి, బొట్లున్నాయి, కొందరికి కళ్ళజోళ్ళు కూడా ఉన్నాయి, ఆ అద్దాల వెనక మాత్రం కళ్ళు లేవు, ఉట్టి పసుపు రంగు. వాళ్ళంతా గోడమీది బోర్డును వేళ్ళతో తడుముతూ చదువుతున్నారు. రాబోయే ప్రదర్శనలు అని ఉంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి 'చూపులేని తల్లి', పాత పటం. ఆ తర్వాతి నెల, ఆ పటం కథ చెప్పినవాడి కర్ర. ఆ పై నెల, కథ చెప్పినవాడి నాలుక, గాజుసీసాలో, ఉప్పునీళ్ళలో. నాలుక చూడటానికి టికెట్టు ఉందా, ఊరికేనా అని నేను నవ్వించబోతాను. మా పటం పొడవు మూడూళ్ళ పొలిమేరలు దాటుతుందని, చివరి బొమ్మ చూడాలంటే సద్ది కట్టుకుని పోవాలని నేను కోతలు కోస్తే ఒకప్పుడు పొట్ట పట్టుకుని నవ్వినవాడు, ఇప్పుడు పెదవి కూడా కదపడు.

"ఎవలురా ఆ చూపు లేని తల్లి?" అంటాడు.

నేను గోడవైపు తిరుగుతాను. గోడ లేదు, పటమే ఉంది, పైనుంచి కిందికి తనంతట తానే విప్పుకుంటూ రాజులు, గుర్రాలు, మగ్గాలు అన్నీ దాటించి, చివరి బొమ్మ దగ్గర ఆగుతుంది. రాట్నం ముందు కూర్చుని దేవతలకు నూలు వడికే తల్లి. ఆమెకు కళ్ళు లేవు.

ఎందుకు లేవో మా ఇద్దరికే తెలుసు. అన్ని బొమ్మలకూ కళ్ళు దిద్ది, ఈ ఒక్కదానికి సోమవారం కొబ్బరికాయ కొట్టి దిద్దుతానన్నాడు వాడు. కళ్ళు దిద్దితేనే పటానికి ప్రాణం. సాలెవాడ నుంచి కథకు కబురొచ్చిందని నేను శనివారమే పటాన్ని చుట్టి చంకన పెట్టుకుని పోయాను, వాడు వాకిట్లో నిలబడి తిడుతుంటే వెనక్కి కూడా చూడలేదు. నాలుగు నెలల తర్వాత వచ్చేసరికి వాడి దినాలు కూడా అయిపోయాయి. అప్పట్నుంచి ఆ తల్లి దగ్గరికి రాగానే మొహం మీద ఎడమ బొటనవేలు పెట్టి, వేలి చుట్టూ కథ చెప్పుకుంటూ వచ్చాను.

నిరుడు పటాన్ని మ్యూజియానికి ఇచ్చినప్పుడు, ఈమెకు కళ్ళెందుకు లేవని అక్కడి ఆఫీసరమ్మ అడిగింది. తొందరపడి ఎత్తుకుపోయానని చెప్పడానికి నోరు రాలేదు. నూలు వడికీ వడికీ చూపు కరిగిపోయిందనీ, ఆ చూపే రెండు చుక్కలై ఆకాశంలో ఉందనీ, ఆ చుక్కలేవో కూడా వేలెత్తి చూపించాను. ఆమె కంటతడి పెట్టుకుని రాసుకుంది. అదే ఇప్పుడు ప్రదర్శన పేరయింది.

"గా మొహం మా యవ్వది," అంటాడు రాజనర్సు. గొంతు పెంచడు, అదే భయంగా ఉంది. "చీకట్ల ఉడుత తోకల ఒక్కో వెంటిక ఏరి నాకు కుంచె గట్టిచ్చిన యవ్వ. ఆమెకు కండ్లు లేవని గోడ మీద రాపిస్తవా?"

అది మీ అమ్మ మొహమని నాకెప్పుడూ చెప్పలేదు కదా అంటాను. సోమవారం చెబుదామనుకున్నానంటాడు. దాంతో నాకూ మండుతుంది, ఎందుకు మండుతుందో తెలియకుండానే అరుస్తాను.

"నేను తిరిగొచ్చేదాక నాలుగు నెల్లు ఆగలేకపోయినవా? ఎవడు పొమ్మన్నడురా నిన్ను?"

నా మాటకు కళ్ళులేని జనమంతా ఒక్కసారి ఇటు తిరుగుతారు. హాలు సన్నబడి వాడి ఇంటి వాకిలవుతుంది, పటం నా చంకలోకి వచ్చి చేరుతుంది, వాడు గడప ముందు నిలబడి ఉన్నాడు, ఆ శనివారం నిలబడ్డట్టే. ఈసారి వెనక్కి తిరుగుతాను. పటం విప్పి వాడి ముందు పరిచి, కుంచె తీసుకో, ఇప్పుడే దిద్దు, ఆఫీసరమ్మకు ఏదో ఒకటి నేను చెప్పుకుంటానంటాను.

"ఏదో ఒకటి చెప్పుడే గదరా నీ పని," అంటాడు. "సచ్చినోని చేతుల తెరుచుకునేటివి కండ్లెట్లయితయి? నేను దిద్దుత అంటలేను. అబద్ధం తియ్యుమంటున్న. దిద్దనియ్యలేదని చెప్పు. ఎవడు దిద్దనియ్యలేదో గది గూడ చెప్పు."

ఊరంతా నా మొహాన ఉమ్మేస్తుందిరా అంటాను. ఉమ్మనీ అంటాడు. నా ఎడమచెయ్యి లాక్కుని బొటనవేలు వెలుతురులో పెట్టి చూస్తాడు. అది మసి కంటే నల్లగా ఉంది, మణికట్టుదాకా పాకుతోంది, నేను ధోతికి తుడుస్తున్నాను, అది పోవడం లేదు, వాడు చూస్తూనే ఉన్నాడు.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది, వరండాలో మంచం మీదే ఉన్నాను. పొద్దున పోస్టులో వచ్చిన మ్యూజియం ఆహ్వానం రొమ్ము మీద బోర్లా పడి ఉంది, దాని కింద నా ఎడమచెయ్యి. తీసి చూస్తే, చెమటకు అచ్చు సిరా కరిగి, దాని మీద వేసిన రాట్నం తల్లి బొమ్మలో మొహం ఉండాల్సిన చోట తెల్లగా లేచిపోయింది. ఆ మొహం నలుపంతా నా బొటనవేలికి అంటుకుని ఉంది.

వేలు కడుక్కోకుండానే కోడల్ని కేకేసి, కాగితం అడుగున ఉన్న ఆఫీసరమ్మ ఫోన్ నంబరు కలపమన్నాను.