అమ్మ చెప్పిన నొప్పి

అమ్మ లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. నాలుగైదు రోజులుగా కడుపులో కుడిపక్క నొప్పి వచ్చిపోతోంది. నిన్నటి నుంచి మంచినీళ్ళు కూడా ఇమడడం లేదు. నా దగ్గరైతే "ప్రాణం తోడేస్తోందే" అని మూలుగుతుంది. ఆసుపత్రిలో డాక్టరుకి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. పేషంటుతో ఇంకొకరిని లోపలికి రానివ్వరు.

అందుకే నేనే పంతులమ్మనయ్యాను. విడివిడిగా గుర్తుండవని మాటలు జతలుగా నేర్పాను. జ్వరానికి హై, దగ్గుకి డ్రై, నొప్పికి సివియర్. అమ్మ ఇస్త్రీపెట్టె తోస్తూ, చొక్కాకో జత చొప్పున వల్లించింది. మధ్యలో ఆగి, కొద్దిగా అనడానికి ఏమంటారని అడిగింది. మైల్డ్ అంటారని చెప్పాను. నా నోరు ఊరుకుంటేగా!

ఆసుపత్రిలో అమ్మని లోపలికి పిలిచారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. డాక్టరు ఏదో అడిగాడు. అమ్మ జుట్టు సవరించుకుని, బడిపిల్లలా నిటారుగా కూర్చుంది.

"మైల్డ్ స్టమక్ పెయిన్, సర్."

నాకు ఒళ్ళు మండిపోయింది. నర్సు అడ్డుకుంటున్నా లోపలికి దూరాను. మైల్డ్ కాదు, సివియర్ అన్నాను. కుడిపక్క అన్నాను, వాంతులన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషంతా కుమ్మరించాను. డాక్టరు విసుక్కోలేదు. నొప్పి ఎవరిదో వాళ్ళనే చెప్పనివ్వమని అమ్మ వైపు తిరిగాడు. అమ్మ నన్నొకసారి కసురుకున్నట్టు చూసి, ఆయనకేసి నవ్వింది.

"నో, సర్. మైల్డ్."

గ్యాస్ మాత్రలు రాసిచ్చాడు. నర్సు మా ఇద్దరినీ బయటికి పంపి, తరవాతి పేషంటుని పిలిచింది.

మెట్ల దగ్గర అమ్మని నిలదీశాను. రెయిలింగ్ పట్టుకుని, నుదుటి చెమట తుడుచుకుంటూ చెప్పింది.

"అంత పెద్దాయన దగ్గర సివియర్ అంటే ఏం బాగుంటుందే? బయట అంతమంది కూర్చుని ఉంటే, ముందు నన్నే చూడమని మీద పడ్డట్టు ఉండదూ?"

తిట్టాలనిపించింది, ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే తలుపు మూసి ఉంది. అమ్మ ఒక మెట్టు దిగి, రెండోది దిగలేక అక్కడే కూలబడింది. కడుపు పట్టుకునే నా మొహంలోకి చూసింది.

"నువ్వు నేర్పినవే కదా, తప్పేమన్నా పోయిందా?"

"లేదమ్మా, బాగా చెప్పావు" అన్నాను.