రెండో మలుపు దగ్గర నాలుగు సెకన్లు

ఎంత చెప్పినా అరక్షణమే కదా, అనుకుంటూనే అతను స్టీరింగును ముందుగా ఎడమకు తిప్పాడు. తెరమీద క్వారీ దారి ఇంకా తిన్నగానే ఉంది. నలభై కిలోమీటర్ల దూరంలో మనిషి లేని టిప్పరు ఈపాటికి మలుపులో ఉండి ఉంటుంది. బొమ్మ ఎప్పుడూ అరక్షణం ఆలస్యంగానే వస్తుంది. దాన్ని ముందే ఊహించుకుని నడపడమే ఈ కుర్చీ ఉద్యోగం. రెండేళ్లలో ఆ అలవాటు ఇంట్లోకీ పాకింది. భార్య మాట పూర్తికాకముందే ఊఁ అనేస్తాడు. "నేనింకా అడగనే లేదు," అని ఆవిడ పొద్దున్న కూడా గిన్నె ఠంగుమని పెట్టింది.

అంతకుముందు పదిహేనేళ్లు ఆ టిప్పర్లోనే కూర్చుని నడిపాడు. ఎంత రాయి ఎక్కిందో నడుముకే తెలిసేది. ఇప్పుడు మూడు తెరలు, చల్లటి గది. క్వారీ చప్పుడు పనికి అడ్డమని బండిలోని మైకు కూడా తీసేశారు. కుదుపే లేని కుర్చీలో నడుము నొప్పి రెట్టింపైంది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. అప్పట్లో భార్య పాత దుప్పటి కత్తిరించి బండి సీటుమీదకి రెండు నీలం మెత్తలు కుట్టింది, ఒకటి అతనికి, ఒకటి వాళ్లన్నకు. అతనిది అటకెక్కింది.

రెండో మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దుమ్ము లేవకుండా దారి తడిపే నీళ్ల ట్యాంకరు ఇటూ అటూ చూడకుండా అడ్డంగా దూసుకుపోయింది. నడిపేది భార్య అన్నే, బావ. క్వారీలో ఇంకా మనిషి ఎక్కే బండి అదొక్కటే. లోడు బండికి దారివ్వాలన్నది రూలు. ఇన్నేళ్లలో బావ ఒక్కసారీ ఇవ్వలేదు. పైగా ఘనకార్యం చేసినట్టు కెమెరాకేసి చెయ్యి ఊపుతాడు.

భోజనాల వేళ సూపర్‌వైజరు ఒక కాగితం తెచ్చాడు. వయసులో చిన్నవాడు, కేకలేసే రకం కాదు.

"రోజూ అదే మలుపు, నాలుగు సెకన్లు. ఏదైనా అడ్డమొస్తే బండే ఆగుతుందన్నా. మీరెందుకు ఆపడం?"

"ఆయన చూసుకోడండీ."

"ఇవాళ ఇంకొక్కసారి ఆగితే ఆ కుర్చీ వేరేవాళ్లకి ఇవ్వమన్నారు. నన్నేం చెయ్యమంటారు?"

అతను బావకు ఫోన్ చేసి చిరాకంతా వెళ్లగక్కాడు. నీవల్ల నా ఉద్యోగం ఊడేలా ఉంది, ఒక్కసారి ఆగితే నీ సొమ్మేం పోయింది అన్నాడు. బావ ఏదో నములుతూ విన్నాడు.

"మధ్యాహ్నం నీకు ఒక్క ట్రిప్పేగా, కుర్చీ దొరా? నాలుగింటికి నేను తాళం ఇచ్చేస్తున్నా. రేపట్నుంచి ఈ బండీ మీ గదిలోంచే."

"మరి నువ్వు?"

"ఓడరేవులో ఇంకా మనుషులెక్కే బళ్లున్నాయట. సాయంత్రం బస్సుకి పోతున్నా. స్ప్రింగు సీట్లట, మా చెల్లెలికి చెప్పు."

ఇంత సంగతి ఇప్పుడా చెప్పడం? ఒళ్లుమండి ఫోన్ పెట్టేశాడు.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. ఆపేది లేదు, ఏమైనా కానీ, అనుకుంటూ లోడు బండిని మలుపులోకి తిప్పాడు. ట్యాంకరు దారి పక్కన బుద్ధిగా ఆగి ఉంది. బావ కిందికి దిగి, పో పో అన్నట్టు చెయ్యి చాపాడు. ఇన్నాళ్లకు తెలిసొచ్చిందన్నమాట. అతను విసురుగా దాటించాడు. పక్క తెరలో బావ చిన్నగా అయిపోయాడు. అదీ అరక్షణం కిందటి బావే.

లోడు దించి ఖాళీ బండితో తిరిగొచ్చేసరికి ట్యాంకరు లేదు. తడి చార ఒకటి ఆరిపోతోంది. మలుపు దగ్గరి బండమీద ఏదో నీలంగా ఉంది.

అతను బ్రేకు తొక్కాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"అన్నా, దారి ఖాళీగానే ఉందిగా," అన్నాడు చెవిలో సూపర్‌వైజరు.

ఐదు, ఆరు. రెండేళ్లుగా ముట్టని హారన్ మీట మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టాడు. గదిలో ఏమీ వినిపించలేదు. తెరమీద బండపై బావ నీలం మెత్త, ఒక మనిషి కూర్చున్నంత మేర గుంటపడి ఉంది. ఆ గుంటలో అప్పుడే దుమ్ము పడుతోంది.