ఫ్లెక్సీ మీది పొట్ట

కడ్డీకి వేలాడుతూ పదకొండోసారి మోకాళ్లను రొమ్ము దాకా ఎత్తి, వినోద వాటిని మెల్లగా కిందికి దించింది. గబుక్కున దించితే ఊపే పని చేస్తుంది, పొట్ట చేయదు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి ఆమెకు ఏడాది పట్టింది. పన్నెండోది కూడా అయ్యాక ఇనుప కడ్డీ వదిలి నేల మీద నిలబడి ఊపిరి తీసుకుంది. ఒంటి మీద మొగుడి పాత ట్రాక్ ప్యాంటు, చెమటకు తడిసిన బనీను. పొద్దున ఐదున్నర. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఇంకా ఆరలేదు.

కరీంనగర్‌లో మంచిర్యాల చౌరస్తా దగ్గర, రెండో అంతస్తులో ఉన్న ఆడవాళ్ల జిమ్‌లో ఊడ్చి తుడిచే పని వినోదది. ఆరింటికి మొదటి బ్యాచ్ వచ్చేలోపు అద్దాలు తుడవాలి, బాత్రూములు కడగాలి, నీళ్ల క్యాన్లు మెట్ల మీదుగా మోసుకురావాలి. అన్నీ ముగించుకుని చివరి అరగంట తన కోసం మిగుల్చుకుంటుంది. వచ్చేవాళ్లలో ఆమె మొహం గుర్తున్నవాళ్లు తక్కువ. చెప్పులు బయట విడవమని చెప్పే మనిషి అని మాత్రం తెలుసు.

ఆ మొహం కూడా రెండోసారి చూడాలనిపించేది కాదు. ముప్పై తొమ్మిదేళ్లు, లోపలికి పోయిన చెంపలు, సగం విరిగిన ముందు పన్ను. బనీను లేపితే మాత్రం వేరే మనిషి. పక్కటెముకల కింది నుంచి బొడ్డు దాకా రెండు వరుసల కండలు, నడుమ నిలువునా ఒక గాడి. అడుగున కాన్పు ఆపరేషన్ గీత. బొడ్డు చుట్టూ ఐదు నల్లటి చుక్కలు. అవి వాతలు. ఆదిలాబాద్ దిక్కున బోథ్ దగ్గరి ఊళ్లో, పుట్టిన ఎనిమిదో రోజున పొట్ట ఉబ్బి పాలు తాగడం మానేస్తే, కన్నతల్లి అవ్వ ఏడుస్తూ పిల్ల కాళ్లు కదలకుండా పట్టుకోగా అమ్మమ్మ ఇనుప చువ్వ కాల్చి ఐదుచోట్ల అంటించింది. రోగం వాతలకు భయపడి పోయిందో, దానంతట అదే పోయిందో గానీ పిల్ల బతికింది.

కండల కథ వేరు. మూడేళ్ల కింద నస్పూర్‌లోని తమ్ముడి ఇంటి నుంచి మొగుడు ముత్యంతో కలిసి వస్తుంటే, బస్సులో ఒక కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది. "కూసో అక్కా. ఎన్నో నెల?" అని అడిగింది. అప్పటికి వినోద చిన్న కొడుకు ఏడో తరగతి. బస్సంతా ఇటే చూస్తోంది. కాదంటే ఆ పిల్ల చిన్నబోతుంది, తానూ చిన్నబోతుంది. "ఏడు" అనేసింది వినోద. నోట్లోంచి అదే వచ్చింది. కరీంనగర్ దాకా ఆ సీట్లోనే కూర్చుని, పక్కావిడ చెప్పిన బాలింత పథ్యాలన్నిటికీ తలూపింది. ముత్యం మార్కెట్ యార్డులో హమాలీ. మర్నాడు యార్డులో బస్తాలు మోసే ప్రతివాడికీ చెప్పాడు. "మా ఇంటిది పదమూడేండ్ల సంది ఏడో నెల మోస్తుంది" అని. ఆ మాట తిరిగి తిరిగి ఇంటికే వచ్చింది. ఆ రోజే వినోద పగ పెట్టుకుంది. ముత్యం మీదనా, ఆ పిల్ల మీదనా, తన పొట్ట మీదనా అని అడిగితే చెప్పలేదు గానీ, పగ మాత్రం గట్టిదే.

దారి చూపింది షాహిదా. జిమ్‌లో కసరత్తు నేర్పే పిల్ల, ఇరవై ఆరేళ్లది. మొదటి రోజు వినోదను వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం లేపమని, బొడ్డు మీద వేళ్లు నిలువునా గుచ్చి చూసింది.

"రెండున్నర వేళ్ల సందు ఉంది అక్కా. కాన్పులల్ల కండ నడుమకు చీలింది. గిప్పుడే లేసుడు వంగుడు జేస్తే ఇంకింత ఉబ్బుతది. ముందుగాల ఊపిరి నేర్సుకో."

నాలుగు నెలలు ఊపిరే. వదిలేటప్పుడు పొట్ట లోపలికి లాగి, పడుకుని ఒక్కొక్క మడమే చాపడం. వినోదకు విసుగొచ్చింది. కండ ఎప్పుడు కనబడుతుందని అడిగింది.

"కండ అందరికి ఉంటదక్కా. దుప్పటి కప్పుకొని పండుకుంటది. దాన్ని లేపుడు ఈడ, దుప్పటి తీసుడు నీ వంటింట్ల" అంది షాహిదా. మళ్లీ తనే, "దుప్పటి మొత్తం గుంజద్దు. ఆడోళ్లకు అల్లానే జర కొవ్వు పెట్టిండు. నెలనెల వచ్చే బయటిస్నానం బందైనదంటే నేను చెప్పుడు గూడ బంద్" అని వేలు చూపించింది.

కంచం నిండా తినే అన్నం పిడికెడైంది. జొన్నరొట్టె, రెండు ఉడికించిన గుడ్లు, నానిన పెసర్లు, చల్ల వచ్చాయి. చక్కెర చాయ పోయింది. సందు మూసుకున్నాక మోచేతుల మీద పలకలా నిలబడడం, ఆ తర్వాత బరువులు, చివరికి కడ్డీ. రెండేళ్ల రెండు నెలలు. ఒకరోజు ముత్యం చూసి, "గిదేంది, మొగోని లెక్క" అని అటు తిరిగి పడుకున్నాడు. ఏడో నెల మాట మళ్లీ ఎత్తలేదు. వినోదకు కడుపు నిండింది, సగం.

తొమ్మిదింటికి మొదటి రెండు బ్యాచ్‌లు వెళ్లిపోయాక, పొద్దున్నే చీరలోకి మారిన వినోద చెత్తబుట్ట తీసుకుని కిందికి దిగింది. మెట్ల పక్కన మక్కకంకులు కాల్చి అమ్మే రామవ్వ బొగ్గులు రాజేస్తూ ఉంది. ఆమెదీ బోథ్ దిక్కే.

"గా ఫ్లెక్సీ జూసినవా బిడ్డా? రాత్రి గట్టి పోయిండ్రు."

చీకట్లో వచ్చి షట్టరు లేపిన వినోద చూడలేదు. ఇప్పుడు చూసింది. రోడ్డుకు అవతల రెండు వాసాల మధ్య, మనిషికి రెండింతల ఎత్తున ఫ్లెక్సీ. పైన జిమ్ యజమాని నవనీత మేడం నవ్వుతున్న తల. అడుగున బిగుతు ప్యాంటు వేసుకున్న ఎవరివో కాళ్లు. నడుమ ఒక పొట్ట. కింద ఎర్రటి అక్షరాలు: మూడు నెలల్లో మీరూ ఇలా.

"తల మీ మేడందే. పొట్ట మాత్రం మన దిక్కు పిల్లది" అంది రామవ్వ.

"ఎట్ల తెలుసవ్వా?"

"వాతలు కనవడ్తలేవా? మేడల పుట్టినామెకు ఎవలు వెడ్తరు వాతలు?"

వినోద చేయి కొంగు మీదికి పోయింది. రామవ్వ ఆ చేతిని చూసి, కంకి తిప్పింది.

ఆపరేషన్ గీతను కంప్యూటర్‌లో చెరిపేశారు. ఐదు చుక్కల్ని మాత్రం అలంకారం అనుకున్నారేమో, ఇంకాస్త నల్లగా దిద్దారు. తన పొట్ట బజార్న పడిందని సిగ్గు రావాలి. వినోద అక్కడే నిలబడి సిగ్గు కోసం చూసింది. రాలేదు. కోపం వచ్చింది. తన పొట్ట మీద తన తల లేదని కోపం.

పైకి వెళ్లేసరికి షాహిదా మొహం వాలిపోయి ఉంది. నెలనెలా తేడా చూపించడానికి తన ఫోన్‌లో ఫొటోలు తీసింది ఆమే, మెడ కింది నుంచి నడుము దాకా.

"మేడం అడిగితే పంపిన అక్కా. మొఖం లేదు గదా, ఆమెకేం నష్టం అన్నది. ఫ్లెక్సీకని చెప్పలే. అల్లా కసం."

"నన్నొక్క మాట అడుగకపోతివి" అంది వినోద. చెత్తబుట్టను దాని చోట పెట్టింది. ఈ పిల్ల నేర్పకపోతే ఆ పొట్టే లేదు.

పదిన్నరకు నవనీత వచ్చింది. మంచి రంగు, మంచి బట్టలు, మంచి మాట. పండక్కి పాత చీర కాకుండా కొత్తదే పెట్టే మనిషి. ఆమె చాయ్ గ్లాసు ఒక మూల, వినోద గ్లాసు ఇంకో మూల ఉంటాయి, అంతే. వినోద ఆమె ముందు నిలబడింది.

"మేడం, గా పొట్ట నాది."

నవనీత తల ఎత్తి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "నీదని ఎవరికి తెలుసు? తెలిస్తే నీకే ఇజ్జత్ పోతుంది."

"పోనీయుండ్రి. నా మొఖమే పెట్టుండ్రి దాని మీద."

నవనీత నిజంగానే నవ్వింది. అందులో కుళ్లేమీ లేదు, అదే ఎక్కువ మండించింది. "నీ మొఖం చూసి ఎవరన్న వస్తరా వినోదా? పిచ్చిదానివి. బతుకమ్మకు నీకు మంచి చీర తీస్తలే. పో, బండలు తుడువు. కొత్తోళ్లు వస్తుండ్రు."

కొత్తవాళ్లు వచ్చారు, ఇరవై మంది దాకా. ఎక్కువమంది ఫ్లెక్సీ చూసి వచ్చినవాళ్లే. నవనీత వదులు కుర్తాలో నిలబడి, తానూ ఒకప్పుడు వాళ్లలాగే ఉండేదాన్ననీ, మూడు నెలలు కష్టపడితే చాలనీ చెప్పింది. ఒకామె "ఒక్కటి జేసి సూపిస్తరా మేడం" అంటే ఈరోజు గురువారం, ఒక్కపొద్దు అంది. వినోద మూలన తుడుపుకర్ర పట్టుకుని ఉంది. వాళ్లలో చాలామందికి పొట్టలు తన పాత పొట్టలాంటివే. నడుమ చీలినవి. ఈరోజే లేవడం వంగడం మొదలుపెడితే ఇంకా చెడతాయి. మూడు నెలలకు ఏమీ కనబడకపోతే తమనే తిట్టుకుంటారు. తిట్టుకోవడంలో ఆడవాళ్లు ముందుంటారు.

ముందు వరసలో ఒక పిల్ల అడిగింది. "మేడం, బొడ్డు సుట్టు గా సుక్కలేంటియి?"

నవనీత ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "టాటూ. గోవాలో వేయించుకున్న."

అందరూ నవ్వారు. ఒకరిద్దరు తమకూ వేయించుకోవాలని ఉందన్నారు.

తుడుపుకర్ర మీద వినోద పిడికిలి బిగిసింది. ఆ వాతలు పెట్టిన పూట చువ్వ మళ్లీ కాల్చాల్సి వస్తుందేమోనని పొయ్యిలో నిప్పు ఆర్పలేదని, తాను మూడు రోజులు ముద్ద ముట్టలేదని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో. చచ్చిపోయేముందు కూడా, "నీ కాళ్లు వట్టుకున్నది నేనే బిడ్డా, మనసుల పెట్టుకోకు" అంది. ఆ కాలిన చర్మం ఇప్పుడు గోవా ముచ్చటైంది. ఇప్పుడే కొంగు తీస్తే అయిపోతుంది. ఇరవై మంది చూస్తారు, మేడం మొహం మాడిపోతుంది. కానీ చూసినవాళ్లు ఇళ్లకు పోతారు, ఫ్లెక్సీ అక్కడే ఉంటుంది. వినోద తడిగుడ్డ పిండి, బకెట్ తీసుకుని బయటికి వచ్చింది.

ఒంటిగంటకు నవనీత అన్నానికి ఇంటికి పోయింది. వినోద ఫ్యాన్లు తుడిచే నిచ్చెనను భుజాన వేసుకుని మెట్లు దిగింది. రామవ్వ దగ్గర కంకుల మొదళ్లు కోసే కత్తి అడిగింది. రామవ్వ కత్తిని మోకాలి మీది చీరకు ఇటూ అటూ తుడిచి ఇచ్చింది.

నడిమధ్యాహ్నం, నడిరోడ్డు. నిచ్చెన ఆనించగానే చౌరస్తాలో ఉన్న హోంగార్డు విజిల్ ఊది దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా, ఏం జేస్తున్నవ్?"

"మేడం పని. కొత్తది గట్టేదుంది."

పని అనేసరికి అతనికి అనుమానం పోయింది. పైగా నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు, ఆటోలను అటు తిప్పుకొమ్మని చేయి ఊపాడు. పక్క నుంచి వందమంది పోయి ఉంటారు. పనిమనిషి నిచ్చెనెక్కితే ఎవరు చూస్తారు?

నిచ్చెన పొట్టిది. పై మెట్టు మీద నిలబడి, ఎడమ చేత్తో వాసం పట్టుకుని, ఒళ్లంతా పక్కకు చాపితే గానీ అవతలి అంచు అందలేదు. వినోద ఊపిరి వదిలి పొట్ట బిగించింది. కాళ్లు కదలలేదు. ముందు అడ్డంగా రొమ్ముల కింద కోసింది, తర్వాత రెండు పక్కలా నిలువునా, చివర నడుము మీదుగా. తొందరపడలేదు. కత్తి మొద్దుబారినచోట రెండుసార్లు కోసింది. అంచులు చిరగకుండా, ఇంట్లో రవికె గుడ్డ కత్తిరించినంత జాగ్రత్తగా కోసింది. మనసులో ఒక్కటే ఉంది: నాది నాకు. కసిగా ఉంది, హాయిగానూ ఉంది. ముక్క ఊడి ఆమె భుజం మీద పడింది.

"తల ఇడిసిపెట్టినవేందమ్మా?" అన్నాడు హోంగార్డు, కింది నుంచి.

"తల వాళ్లదే" అంది వినోద దిగుతూ.

కత్తి రామవ్వకు తిరిగిచ్చింది. రామవ్వ మడత పెట్టిన ముక్కను చూసి, "ఏం జేస్తవే దాన్ని?" అంది.

"ఇల్లు ఉరుస్తుంది అవ్వా. పెంకల మీద కప్పుత."

రామవ్వ ఒక కంకి తీసి, ఉప్పూ కారమూ రాసి చేతిలో పెట్టింది.

నిచ్చెనను దాని చోట ఆనించి, మెట్ల మీద తన అడుగుల మట్టి తుడిచి, వినోద తాళంచెవులు షాహిదా చేతిలో పెట్టింది. షాహిదా కిటికీలోంచి అంతా చూసినట్టుంది. కళ్లలో నీళ్లున్నాయి, మూతి మీద నవ్వు ఆగడం లేదు.

"రేపు రావా అక్కా?"

"రాను. కొత్తోళ్లకు ముందుగాల వేళ్లు వెట్టి సందు సూడు. మేడం వద్దన్నా సూడు."

"మరి కడ్డీ ఈడనే ఉండె. ఏడ జేస్తవ్?"

"కడ్డీ ఈడ ఉంటది. పొట్ట నా ఎంబడి వస్తది."

తన గ్లాసు తీసుకుని సంచిలో వేసుకుంది. మెట్లు దిగి, కంకి కొరుక్కుంటూ బస్టాండు వైపు నడిచింది. చంకలో ముక్క. నాలుగున్నరకు ఫోన్ మోగడం మొదలైంది, మోగి మోగి ఆగింది. ఆమె తీయలేదు.

ఫ్లెక్సీ కట్టేవాళ్లు వినాయక మండపాల పనిలో ఉండి నాలుగు రోజుల దాకా రాలేదు. ఆ నాలుగు రోజులూ పైన నవనీత నవ్వుతూనే ఉంది, కింద ఎర్రటి అక్షరాలు మూడు నెలల్లో మీరూ ఇలా అంటూనే ఉన్నాయి, నడుమ కోసిన చదరపు ఖాళీలోంచి వెనక మేడ మీద ఎవరో ఆరేసిన గళ్ల లుంగీ ఒకటి గాలికి ఊగుతూ ఉంది.